లాగే బరువు, మోసే బరువు

ట్రాక్టరున్న ఆసామిని ఎవరినైనా కదిపి చూడండి. "మీ ట్రాలీ ఎంత మోస్తుందండీ?" అంటే చాలామంది హార్స్‌పవర్ చెబుతారు. "నలభై ఐదు హెచ్‌పీ అండీ, ఎంతేసినా లాగేస్తది" అంటారు. మనం అడిగింది మోయడం గురించి, ఆయన చెప్పింది లాగడం గురించి. ఆ తేడా ఆయనకు తట్టదు, ఎందుకంటే బండి ఆయనకెప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఎదురు ఎందుకు చెప్పదో చూద్దాం. ఆరు టన్నుల ట్రాలీని చదునైన తారురోడ్డు మీద కదులుతూ ఉంచడానికి కావలసిన లాగుడు దాని బరువులో రెండు శాతం దగ్గర ఉంటుంది. అంటే 120 కిలోల చిల్లర. ట్రాక్టరుకు అదొక పనే కాదు. ఇంకో టన్ను వేస్తే మరో 20 కిలోలు. పొగ రంగు కూడా మారదు. డ్రైవరుకు స్టీరింగు దగ్గర తెలిసే తేడా దాదాపు సున్నా. ఆ అదనపు టన్ను మాత్రం ఎక్కడికీ పోలేదు. మొత్తంగా ఇరుసు మీద, బేరింగుల మీద, టైర్ల మీద కూర్చుంది. రేపు ఎవరైనా పిల్లవాడు రోడ్డుకు అడ్డం వస్తే బ్రేకు మీద కూడా కూర్చుంటుంది. లాగడం ఇంజను పని, మోయడం టైరు పని, ఆపడం బ్రేకు పని. మనం మొదటిదొక్కటే పరీక్షించి మిగతా రెండింటికీ మార్కులు వేసేస్తున్నాం.

టైరు దగ్గర ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. రబ్బరు, దారాలు ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. ఒక టైరు మీద 1,500 కిలోల బరువు పడిందనుకోండి. లోపల 80 పాయింట్ల గాలి ఉంది. 80 పాయింట్లంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 5.6 కిలోలు. 1,500ను 5.6తో భాగిస్తే 268 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. పిల్లల చిన్న నోటుబుక్కు పేజీ కూడా ఇంతకంటే కాస్త పెద్దదే. టన్నున్నర బరువు రోడ్డును తాకేది ఆ కాస్త జాగాలోనే. ఇప్పుడు గాలి 50 పాయింట్లకు దిగిందనుకోండి. అదే బరువు మోయడానికి 430 చదరపు సెంటీమీటర్లు కావాలి. టైరు అంత జాగాను ఎక్కడినుంచి తెస్తుంది? పక్కలకు పొంగి, కిందకు నలిగి తెస్తుంది.

ఆ నలుగుడే విషం. ట్రాలీ టైరు ఒక కిలోమీటరుకు 350 నుంచి 400 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఒకసారి వంగి, ఒకసారి నిక్కుతుంది. ఒక ఇనుపతీగను అటూ ఇటూ వంచుతూ పోతే వంపు దగ్గర వేడెక్కి చివరికి తెగడం అందరం చూసిందే. టైరులో దారాలకూ, రబ్బరు పొరలకూ అదే జరుగుతుంది. గాలి తక్కువైతే వంపు ఎక్కువ, బరువు ఎక్కువైతే వంపు ఎక్కువ, వేగం పెరిగితే నిమిషానికి వంపులు ఎక్కువ. మూడూ చివరికి వేడిగానే తేలతాయి. దానికి మే నెల తారురోడ్డు తోడైతే చెప్పేదేముంది. టైరు పేలిన చోట రోడ్డు మీద మేకు కోసం వెతుకుతారు గానీ, చాలాసార్లు మేకు ఉండదు. పొద్దుటినుంచీ టైరు లోపల పేరుకున్న వేడి ఉంటుంది.

దీనికి ప్రపంచం మొత్తం చూసిన ఉదాహరణ ఒకటుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకు వేసినవి. పైనున్న అచ్చు పొర, కింది ఉక్కు పట్టీనుంచి ఊడి వచ్చేసేది, బండి పల్టీ కొట్టేది. 200 మందికి పైగా చనిపోయారు. టైరులో లోపాలున్నాయన్నది ఒక మాట. ఫోర్డ్ ఆ బండికి 26 పాయింట్ల గాలే చాలని చెప్పడం మరో వాదం. రెండు కంపెనీలూ ఒకరినొకరు వేలెత్తి చూపుకున్నాయి. ఎవరి వాటా ఎంతన్నది పక్కన పెడితే, ప్రమాదాలు ఎక్కువగా వినబడింది టెక్సస్, ఫ్లోరిడా, ఆరిజోనా, కాలిఫోర్నియా లాంటి ఎండ రాష్ట్రాల నుంచి. తక్కువ గాలి, నిండా జనం, సామాను, హైవే వేగం, ఎండ. అదే ఏడాది నవంబరులో అమెరికా ఒక చట్టం చేసింది. కొత్త కార్లలో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద వెలిగే పసుపు దీపం తప్పనిసరి అయింది ఆ చట్టం వల్లే. మన ట్రాలీకి ఆ దీపం లేదు. అక్కడ దీపం చేసే పని ఇక్కడ మన కళ్లు చెయ్యాలి.

సరే, మన ట్రాలీ ఎంత మోయాలి? లెక్క వేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీదే. ఈ కాగితంతో తర్వాత పని ఉంది.

ముందు ట్రాలీ ఆర్సీ తీయండి. ట్రాక్టరుది కాదు. ట్రాలీకి వేరే నంబరు, వేరే ఆర్సీ ఉంటాయి. అది బీరువాలో ఏ మూల ఉందో చాలామందికి గుర్తుండదు. అందులో ఖాళీ బరువు, లోడుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. మన ఉదాహరణలో నాలుగు చక్రాల ట్రాలీ ఖాళీగా 1,700 కిలోలు, లోడుతో 6,500 అనుకుందాం. తేడా 4,800. ఆర్సీ ప్రకారం మీరు వేయదగ్గ సరుకు అది. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు, ఆ మాత్రం వేసేవాళ్లు కూడా తక్కువే అనుకోండి.

తర్వాత టైరు దగ్గర కూర్చోండి, నిలబడి చూస్తే కనబడదు. తడిగుడ్డతో గోడ తుడవండి. 9.00-16 లాంటి అంకెలు కనిపిస్తాయి. టైరు వెడల్పు సుమారు 9 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు, మధ్యలో గీత ఉంటే అది నైలాన్ టైరు, గీత బదులు ఆర్ అక్షరం ఉంటే రేడియల్. పక్కన 16 పీఆర్ అని ఉంటే అది బలం తరగతి. లోపల నిజంగా 16 పొరలున్నాయని కాదు. మనకు అసలు కావలసింది ఇంకా చిన్న అక్షరాల్లో ఉంటుంది. మ్యాక్స్ లోడ్ ఇన్ని కిలోలు, ఇన్ని పాయింట్ల గాలి దగ్గర అని. కిలోలు రాసి లేకపోతే లోడ్ ఇండెక్స్ అనే సంఖ్య ఉంటుంది. 100 అంటే 800 కిలోలు, 112 అంటే 1,120, 125 అంటే 1,650, 140 అంటే 2,500. టైర్ల కొట్టులో ఈ పట్టిక గోడకో కేటలాగులోనో ఉంటుంది, అడిగితే చూపిస్తారు. సంఖ్య పక్కనున్న అక్షరం వేగానిది. ఏ8 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్లు, బి అంటే 50. ఈ బరువు ఆ వేగానికే చెల్లుతుంది. ఖాళీ హైవే కనబడగానే యాక్సిలరేటర్ తొక్కితే పాత లెక్క చెల్లదు.

మన ట్రాలీ టైరు మీద 125 ఉందనుకుందాం. నాలుగు టైర్లకు 6,600 కిలోలు. ఆర్సీలో ఉన్న 6,500కు సరిపోయింది కదా అనిపిస్తుంది. సరిపోలేదు. నాలుగు టైర్ల మీదా బరువు సమానంగా పడితేనే ఆ 6,600. ఇసుక ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, రోడ్డు ఎడమ వాలులో ఉంటుంది, మలుపులో బయటి టైర్ల మీద ఎక్కువ పడుతుంది. అందుకని టైర్ల మొత్తంలో కనీసం పదోవంతు పక్కన పెట్టండి. ఇది చట్టం చెప్పిన సంఖ్య కాదు, నేను చెబుతున్న జాగ్రత్త. 6,600లో పదోవంతు పోతే 5,940. అందులోంచి ట్రాలీ సొంత బరువు 1,700 తీసేస్తే మిగిలేది 4,240. ఆర్సీ 4,800 అంది, టైరు 4,240 అంది. రెండింట్లో చిన్నదే మీ సంఖ్య.

ఇప్పుడు ఆ 4,240ని మీ సరుకులోకి మార్చాలి, లేకపోతే అది ఎందుకూ కొరగాదు. ధాన్యం 75 కిలోల బస్తా అయితే 56 బస్తాలు. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల గోనె అయితే 106. సిమెంటు 84 బస్తాలు. ఇవి సులువు, లెక్కపెట్టి ఎక్కిస్తాం గనక.

ఇసుక దగ్గరే అందరూ దెబ్బ తింటారు, ఎందుకంటే అక్కడ కొలత బరువులో కాదు, యూనిట్లలో. ఒక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, 2.83 ఘనపు మీటర్లు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న ట్రాలీలో 20 అంగుళాల ఎత్తు నింపితే సరిగ్గా ఒక యూనిట్. పొడి ఇసుక ఘనపు మీటరు 1,600 కిలోలు తూగితే ఆ యూనిట్ నాలుగున్నర టన్నులు. అప్పుడే మన సంఖ్య దాటింది. రేవులోంచి నీళ్లు కారుతూ వచ్చిన ఇసుక 1,800 దాకా తూగుతుంది. అదే యూనిట్ ఇప్పుడు 5,100 కిలోలు. మన హద్దుకు 850 కిలోలు ఎక్కువ. కంటికి మాత్రం నిన్నటి ట్రిప్పుకూ ఇవాళ్టికీ తేడా లేదు. అదే ట్రాలీలో 20 అంగుళాల ఎత్తు విడి ధాన్యం పోస్తే రెండు టన్నులు కూడా రాదు. అందుకే "నిండింది" అన్న మాటకు బరువు లెక్కలో విలువ లేదు. తడి ఇసుకతో మన 4,240 కిలోలకు 83 ఘనపుటడుగులు వస్తాయి, ఎత్తు 16 అంగుళాలు. ట్రాలీ లోపలి రేకు మీద 16 అంగుళాల దగ్గర ఎర్ర పెయింటుతో గీత గీయించండి. కూలీలకు కిలోలు చెప్పక్కర్లేదు, గీత చూపిస్తే చాలు.

ఇటుక సంగతీ అంతే. ఒక ఇటుక మూడు కిలోలు తూగితే 1,400 ఇటుకలు వేసుకోవచ్చు. కానీ ఇటుక తన బరువులో ఐదోవంతు దాకా నీళ్లు పీల్చగలదు. వానలో తడిసిన కుప్పలోంచి ఎత్తిన అవే 1,400 ఇటుకలు ఐదు టన్నులవుతాయి. ఎక్కించే ముందు ఒకటి తీసి తూచండి, కిరాణా కొట్టు త్రాసైనా పర్లేదు.

ఈ లెక్కలన్నీ నిజమో కాదో ఒక్కసారి కాటా మీద తేల్చుకోండి. రైసు మిల్లు దగ్గరో, క్రషర్ దగ్గరో వేబ్రిడ్జి ఉంటుంది. ముందు ఖాళీ ట్రాలీని తూయించండి. ఆర్సీలో రాసిన ఖాళీ బరువుకూ కాటాకూ పొంతన కుదరకపోతే ఆశ్చర్యపోవద్దు. పక్కలకు ఎత్తు పెంచడానికి వేయించిన రేకులు, అదనపు చట్రం, కింద కట్టిన స్టెప్నీ, పనిముట్ల పెట్టె, ఇవన్నీ తర్వాత చేరినవే. తర్వాత మామూలుగా వేసే లోడుతో రండి. ట్రాక్టరును ప్లాట్‌ఫారం దాటించి ట్రాలీని మాత్రమే తూయించండి. ముందు ఇరుసు ఒక్కదాన్నీ, వెనక ఇరుసు ఒక్కదాన్నీ వేరుగా తూయించగలిగితే మరీ మంచిది. మొత్తం బరువు హద్దులో ఉండి, వెనక రెండు టైర్లు మాత్రం హద్దు దాటి ఉండడం మామూలే.

రెండు చక్రాల ట్రాలీ అయితే సరుకు ఎక్కడ పడిందన్నది ఇంకా ముఖ్యం. దాని బరువులో కొంత హుక్కు మీద ట్రాక్టరుకు చేరుతుంది, చేరాలి కూడా. సరుకు వెనక్కి పడితే ట్రాలీ ముక్కు లేచి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు కుప్పపోస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. ఇరుసుకు కొంచెం ముందు వైపు బరువుండేలా పరచడమే పద్ధతి. దించేటప్పుడు ముందు భాగం ఖాళీ చేసి వెనక భాగం ఉంచే అలవాటుంటే మానుకోండి.

బ్రేకుల గురించి తక్కువే చెబుతాను, చెప్పడానికి ఎక్కువ లేదు గనక. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు. రెండు టన్నుల ట్రాక్టరు తన వెనక తోసుకొచ్చే ఆరు టన్నులను కూడా ఆపాలి. రోడ్డెక్కే ముందు ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం వేయండి. పొలంలో విడిగా వాడి అలాగే రోడ్డెక్కితే ఒక పక్క చక్రమే పట్టి ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. ఏటిగట్టు దిగేటప్పుడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చేయడం శుద్ధ పిచ్చితనం. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు.

ఇక టైరు ఆరోగ్యం. మన దగ్గర ట్రాలీ టైరుకు మర్యాద లేదు. లారీకి పనికిరాదని తీసేసిన టైరు, రీట్రేడ్ వేసిన టైరు చివరికి చేరేది ట్రాలీకే. "ఊళ్లోనే కదా తిరిగేది" అంటారు. అచ్చు బాగానే కనిపించవచ్చు, వయసు కనబడదు. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటితే ఏటా తెలిసినవాడితో చూపించమని, పదేళ్లు దాటితే అచ్చు ఎంతున్నా తీసేయమని పెద్ద టైరు కంపెనీలు చెబుతాయి. ట్రాలీకి ఈ మాట ఇంకా బాగా వర్తిస్తుంది, ఎందుకంటే అది ఏడాదిలో సగం రోజులు కదలదు. కోతలయ్యాక చింతచెట్టు కింద, ఒక్కోసారి సగం లోడుతో, అదే చోట అదే వంపు మీద నిలబడి ఉంటుంది. ఎండ పడ్డ వైపు గోడ సన్నగా నెర్రెలిచ్చి ఉంటుంది. గోరు దిగే పగులు కనబడితే, ఎక్కడైనా బుడగలా ఉబ్బితే ఆ టైరు పని అయిపోయింది. అచ్చు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. అచ్చు గాళ్ల అడుగున చిన్న దిమ్మెలుంటాయి, అరిగి అరిగి అచ్చు ఆ దిమ్మెలతో సమానమైతే అదే హద్దు. సీజను అయ్యాక ట్రాలీని ఖాళీ చేసి, ఇరుసు కింద దిమ్మెలు పెట్టి టైర్లను నేలనుంచి లేపి, మీద గోనెపట్టాలు కప్పితే ఈ బాధ సగం తప్పుతుంది.

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. పరిగెత్తిన టైరు వేడికి పాయింట్లు పెరుగుతాయి. పెరిగాయి కదా అని తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. కాలితో తన్ని చూడడం పరీక్ష కాదు. 80 పాయింట్ల టైరూ 55 పాయింట్ల టైరూ బూటుకు ఒకలాగే తగులుతాయి. గేజి కొనండి, టైరు పాడైతే పోయేదానికంటే దాని ఖరీదు తక్కువ. ఉండాల్సిన గాలిలో ఐదోవంతు తగ్గి నడిచిన టైరును గాలి లేని టైరు కిందే లెక్కేస్తారు. దానికి ఊరికే గాలి కొట్టి పంపకుండా విప్పి లోపల చూడాలి. ఒకే ఇరుసుకు ఒక పక్క నైలాను, ఒక పక్క రేడియల్ వేయొద్దు. చక్రం విప్పి బిగించాక యాభై, వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ బిగించాలి. ఆగిన చోటల్లా హబ్బు దగ్గర అరచేయి వెనక పెట్టి చూడండి, ఒక పక్క కాలుతుంటే బేరింగు గ్రీజు అడుగుతోంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పడవకో, క్యాంపింగుకో ట్రైలరు తగిలించుకుని బయల్దేరుతున్నారు ఈ మధ్య. వాళ్లకూ లెక్క ఇదే, కొలతలే వేరు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత మించకూడదో అందులో ఉంటుంది. ట్రైలరు ముక్కు మీద పడే బరువు కూడా ఆ సంఖ్యలోంచే తీసేయాలి. ట్రైలరుకు ఎస్టీ అని రాసిన టైర్లుంటాయి, వాటిలో చాలావాటికి వేగం హద్దు గంటకు 65 మైళ్లు. కారు టైరునే ట్రైలరుకు వేస్తే దాని మీదున్న బరువును 1.1తో భాగించాలి. 800 కిలోల టైరు అక్కడ 727 కిలోలే మోస్తుంది.

ఇంత లెక్క వేశాక కూడా కళ్లంలో ఓడిపోయేది మొహమాటం దగ్గర. సాయంత్రం మబ్బు పట్టింది, ధాన్యం రాశిగా ఉంది. "ఒరేయ్ అబ్బాయ్, ఇంకో పది బస్తాలు పడతాయిరా, ఈ ఒక్క ట్రిప్పుకే" అంటాడు రైతు. ఆయన కష్టం నిజం, వాన నిజం. డ్రైవరు కుర్రాడు కాదనలేడు, కాదంటే రేపు పిలవరేమోనని భయం. ఇందాక కాగితం మీద రాయమన్నది ఈ నిమిషం కోసమే. 56 బస్తాలు, ఇసుక 16 అంగుళాలు, ఇటుక 1,400 అని పెద్ద అక్షరాలతో రాసి ట్రాక్టరు మడ్‌గార్డు మీద అంటించండి, ఓనరు సంతకంతో. అప్పుడు కుర్రాడు "కుదరదు" అనక్కర్లేదు. "కాయితం మీద ఇంతే ఉంది బాబాయ్, మళ్లీ ట్రిప్పేద్దాం" అంటాడు. కాదన్నది మనిషి కాదు కాబట్టి మనిషితో పేచీ రాదు. కిరాయి కూడా ట్రిప్పుకు కాకుండా బస్తాకు మాట్లాడుకుంటే ఎక్కువ ఎక్కించాలన్న ఒత్తిడి సగం పోతుంది. ఇంకా వినకపోతే చట్టం సంగతి చెప్పొచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఎక్కువ బరువు వేస్తే జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, సరుకు దింపే ఖర్చు కూడా మనదే. పది బస్తాల కిరాయి ఎంతో ఆయనకే తెలుసు.

సరుకు మీద కూలీలను ఎక్కించుకునే విషయంలో మాత్రం లెక్కలు, బేరాలు ఏమీ లేవు. ఎక్కించకూడదు, అంతే.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి టైరు పోతుంది. చప్పుడు వినగానే బ్రేకు తొక్కకండి. స్టీరింగు రెండు చేతులతో తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ తగ్గించి, గేరులోనే బండిని నెమ్మదింపజేసి, రోడ్డు పక్కకు దిగాక ఆపండి. మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి, వెనకాల వచ్చేవాళ్లకు కనబడేలా దూరంగా కొమ్మో రిఫ్లెక్టరో ఉంచండి. జాకీ పెట్టే ముందు సరుకు దింపడం కుదురుతుందేమో చూడండి, ట్రాలీ కిందకు మాత్రం దూరొద్దు. ఆ చక్రం, టైరును విడి ఇనుప రింగుతో పట్టి ఉంచే లాక్‌రింగు రకం రిమ్ము అయితే ఒక్క నట్టు కూడా వదులు చేయకముందే వాల్వు పిన్ను తీసి మిగిలిన గాలంతా వదిలేయండి. కొట్టు దగ్గర మళ్లీ గాలి ఎక్కించేటప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోతే అది తూటాలా ఎగిరి వస్తుంది. ఇనుప పంజరంలో పెట్టి, పొడవాటి పైపుతో గాలి కొట్టే కొట్టుకే వెళ్లండి. అది పది కిలోమీటర్ల అవతల ఉన్నా సరే. గాలి కొడుతున్నంతసేపూ చక్రానికి ఎదురుగా నిలబడొద్దు.